ఆ తట్టేది ఎవరు

చేప రూపమెత్తి సముద్రపు అడుగు నుంచి వేదాలను పైకి తెచ్చిన స్వామికి, మా సింహాద్రి అప్పన్నకు వేయి దండాలు. ఆయన చూడని లోతు లేదు. ఆయనకు వినపడని మొర లేదు.

మాది చేపలవేట ఇల్లు. అన్నయ్య ఎక్కిన పడవ తుఫానులో తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అలా దొరకనివారికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. భజన గుడి పెద్దలు ఎంత చెప్పినా అమ్మ చేయనివ్వలేదు. "బతికున్నోడికి సితి పేరుత్తారేటి?" అంటుంది.

నా ఎమ్మెస్సీ అయ్యాక మా ప్రొఫెసరు మేడం పీహెచ్‌డీలో చేరమన్నారు. నీళ్లలోకి మైకు దించి చేపల చప్పుళ్లు వినే చదువు. అది చేసేవాళ్లే అరుదు. తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో మేడం కూడా చెప్పలేకపోయారు. మధురవాడలో కంపెనీ ఉద్యోగమైతే చేతిలోనే ఉంది.

పక్కింటి పిన్ని నవ్వింది. "సేపల మాటలింటే డాక్టరంటేటే! మీ బాబాయి గురక ఇన్నేళ్లుగా ఇంటన్నాను, నాకూ ఇయ్యమను."

అమ్మ నవ్వలేదు. ఏం వింటారో వినిపించమంది. హార్బరు బయట నీళ్లలో మేడం రికార్డు చేసిన చప్పుడు ఫోనులో పెట్టాను. ముందు హోరు. అందులోంచి టక్, టక్. కాస్త ఆగి మళ్లీ టక్. చేపల్ని వలలోకి తోలడానికి మావాళ్లు పడవ చెక్క మీద అలాగే కొడతారు.

అమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. "ఆడేనే. సెక్క కొడతన్నాడు."

"అది సేపే అమ్మా."

"ఏ సేప?"

"తెల్దు," అన్నాను. అది మేడంకీ తెలియదు. కనిపెట్టడమే నా పరిశోధన అన్నారు.

"తెల్దు గదా! అయితే ఎల్లి సదువు. ఆడెక్కడున్నాడో ఇను."

అప్పటి నుంచి అన్నం దగ్గర కూడా ఆ చప్పుడు పెట్టమంటోంది. గుడిలో తాళాలు మోగుతుంటే వాటి సందుల్లోంచి నాకూ అదే వినిపిస్తోంది. నిజంగా చేపేనా అని ఒక్కోసారి నాకే అనుమానం. నేను చేరకపోతే అన్నయ్య అమ్మకు అలా తడుతూనే ఉంటాడు. చేరితే ఏదో ఒక రోజు ఆ చేప పేరు నా నోటితోనే చెప్పాలి. ఆ మాటతో అమ్మకు కొడుకు పోతాడు.

సత్యం దాచిన పూజ స్వామికి చేరదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. సోమవారం చేరుతున్నాను.

చదువుతున్న తల్లులారా, అన్నదమ్ములారా, ఒక్క క్షణం నాతోపాటు కళ్లు మూయండి. స్వామీ, ఆ తట్టేది ఎవరో నాకు చూపించు. చూపించిన రోజున అమ్మకు చెప్పే గొంతు నాకివ్వు. వినే అమ్మను నువ్వే పట్టుకో.