నాయన చాచిన చేతులు

మొన్న ఆసుపత్రిలో నర్సమ్మ నా మునిమనవరాలిని మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చి, "పట్టుకోప్పా, నీ బిడ్డే గదా, కొరకదులే" అంటూ నా కూతురి కొడుకు చేతుల్లో పెట్టింది. వాడు ఆ పసిదాన్ని గుండెలకానించుకుని వరండా అంతా తిరుగుతుంటే నాకు కళ్లు నిండాయి. ముసలితనంలో దిద్దుకున్న అక్షరాలతో ఈ ఒక్క సంగతైనా రాద్దామని కూర్చున్నాను.

మాది కమలాపురం దగ్గర నేతపల్లె. మగవాడు కన్నతండ్రి ఎదుట తన బిడ్డను తాను ఎత్తుకోవడం సిగ్గుమాలిన పనిగా ఎంచిన రోజులవి, నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. మగ్గం, వంట, పడక అన్నీ ఒక్క కొట్టంలోనే కాబట్టి, తన తండ్రి, అంటే మా మామ, కళ్లు పడని చోటు మా ఆయనకు లేదు. అమ్మాయి పుట్టిన కొత్తలో ఆయన ఉయ్యాలకు తాడు కట్టి, దాని కొస కాలి బొటనవేలికి ముడివేసుకుని, మగ్గం గుంటలో కాలు ఆడించినప్పుడల్లా ఉయ్యాల ఊగేట్టు చేసుకున్నాడు. మామ అది కనిపెట్టి వీధంతా వినేలా నవ్వాడు.

"ఏమప్పా, లోకంలో బిడ్డను కన్న మగోడివి నువ్వొక్కడివేనా? పాలు గూడా ఇస్తావా ఏంది?"

ఆ పూటే ఆయన తాడు విప్పేశాడు.

మామ చెడ్డవాడు కాదు. మనవరాలిని చంక దించేవాడు కాదు, సంగటి వేళ్లతో మెదిపి తినిపించేవాడు, ఒంటిమిట్ట తిరునాళ్లకు భుజాన మోసుకుపోయాడు. తన తండ్రి ఎదుట తన కొడుకును ఎత్తుకోలేకపోయిన ఆకలే అలా తీర్చుకున్నాడేమోనని ఇప్పుడనిపిస్తుంది. మామ బయటికి పోయినప్పుడు, పిల్ల నిద్రలో ఉంటే మాత్రం మా ఆయన వచ్చి దాని పాదాలు తాకి చూసి, మళ్లీ మగ్గంలోకి దిగేవాడు.

పిల్లకు మూడేళ్లు నిండకముందే మామ జ్వరంతో పోయాడు. కర్మలన్నీ ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక, తాత కోసం ఇల్లంతా వెతుకుతున్న పిల్ల ముందు మా ఆయన గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాచాడు. ఇక నవ్వేవాళ్లెవరూ లేరు.

"రా తల్లీ, నేనెత్తుకుంటా."

అది నా చీర చాటుకు దూరి ఏడ్చింది. "ఈయప్ప వద్దు. తాత యాడికి పోయినాడు?"

నేను పిల్లను ముందుకు తోస్తే ఇంకా బిగుసుకుపోయింది. ఆయన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి.

"వదిలెయ్‌లే, బెదురుతాండాది" అని లేచిపోయాడు.

మళ్లీ ఎన్నడూ చేతులు చాచలేదు. ఊరి పిల్లలను చూసి అది నాయనా అని పిలవడం నేర్చుకుంది కానీ, ఆయన వస్తే లేచి నిలబడేది. అత్తవారింటికి పంపిన పొద్దు నా మెడ పట్టుకుని ఏడ్చి, ఆయన ముందు తల వంచుకుని నిలబడింది, ఆయనా తల వంచుకున్నాడు. స్వరాజ్యం రాకముందే ఆయన పోయాడు.

ఇప్పటి పిల్లలు తండ్రి భుజమెక్కి జుట్టు పీకుతుంటే తాతలు కూడా చూసి మురుస్తున్నారు. అరవై దాటిన నా కూతురు మాత్రం ఆ ముచ్చట చూసినప్పుడల్లా, మా నాయనకు నేనంటే ఇష్టం లేదమ్మా అంటుంది. ఉండేదని చెబుతాను. నా మనసు నొప్పించడం ఇష్టంలేక తల ఊపుతుంది.