సుభద్ర చెప్పలేదు

పదేళ్లు దాటింది. ఒక్క వాక్యం నా నాలుక కింద బరువుగా ఉండిపోయింది. చూస్తే చిన్న వాక్యమే. ఒక్క ఊపిరిలో చెప్పేయవచ్చు. ఇన్నేళ్లలో చెప్పే అవకాశం రాలేదని అబద్ధమాడను. వచ్చిన ప్రతిసారీ వేరే కబురు ఎత్తుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. నా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా నేను పరాయివాణ్ని గనుకనే నోరు విప్పుతారు. నేను మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేస్తాను. జనం పిచ్చాసుపత్రి అంటారు, విని విని అలవాటైపోయింది. మందులిచ్చే డాక్టర్ని కాను. రోగి ఎదురుగా కూర్చుని, ప్రశ్నలు వేసి, పరీక్షలు పెట్టి, అతని మనసు ఎక్కడ చిక్కుపడిందో వెతకడం నా ఉద్యోగం. ఇందులో మొదటి నియమం, విన్నది గది దాటకూడదు. కిందటి నెల శిక్షణకు వచ్చినవాళ్లకు ఆ నియమం బోధిస్తుంటే ఒక అమ్మాయి లేచి, "మీరెప్పుడైనా తప్పారా సార్?" అని అడిగింది. లేదన్నాను. ఎంత సులువుగా అన్నానంటే, ఆ సులువుకే నాకు భయం వేసింది.

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర ఒక ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోతే పెదనాన్న పెంచారు. చేలూ కొబ్బరితోటలూ అన్నీ ఆయన చేతికిందే ఉండేవి. అదే ఇంట్లో మా బాబాయి భార్య, మా పిన్ని, తన కూతురు సుభద్రతో ఉండేది. బాబాయి రంగూన్ వెళ్లాడు. అక్కడ బాంబులు పడ్డాక ఆయన కబురు లేదు. బొట్టు తీసెయ్యమని పిన్నికి చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు. అలాగని ఆవిడ మాటను ఎవరూ లెక్కచేసిందీ లేదు.

ఆ ఇంట్లో అందరూ వినే మాట ఒక్కటే ఉండేది, పేరంటాలు మాట. ముత్తయిదువుగా పోయిన ఆడమనిషిని పేరంటాలుగా కొలవడం మా వైపు కొన్ని ఇళ్లలో ఉంది. మా పేరంటాలు పెదనాన్నకు నాయనమ్మ వరస. ఏటా ఆవిడకు చీర పెట్టేవాళ్లం. ఆవిడ పిన్ని మీదకు వచ్చేది. కొన్ని శుక్రవారాలు పిన్ని తలంటుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, పేరంటాలు గూటి ముందు కూర్చునేది. కాసేపటికి ఒళ్లు ఊగడం మొదలయ్యేది, గొంతు మారేది. పెదనాన్నను "ఒరే" అని పిలిచేది. ఊరంతా భయపడే మనిషి ఆ పిలుపుకు చేతులు కట్టుకుని నిలబడేవారు.

సుభద్రను అమలాపురం హైస్కూల్లో చదివించమన్నది పేరంటాలే. ఎదిగిన ఆడపిల్లను ఊరు దాటించడమేమిటని అందరూ గొణిగినా, ఆవిడ చెప్పాక మరి మాట లేదు. సుభద్ర అమలాపురంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది, సెలవులకు ఇంటికి వచ్చేది. లెక్కల్లో నాకంటే చురుకు. డాక్టరీ చదువుతానని పెరట్లో కోళ్లకు కూడా చెప్పేది.

నేను అప్పటికి కాకినాడలో బి.ఏ. పూర్తి చేశాను. కాలేజీలో మనస్తత్వశాస్త్రం పుస్తకం ఒకటి చేతికి చిక్కింది మొదలు నాకు మరో ధ్యాస లేదు. మద్రాసు వెళ్లి ఆ శాస్త్రమే చదవాలి. పెదనాన్న ప్లీడరీ చదవమన్నారు. నేను పట్టు వదల్లేదు. ఆయనా వదల్లేదు.

ఆ వేసవి మధ్యాహ్నాలు పిన్ని దగ్గర కూర్చునేవాణ్ని. ఎండిన చిప్పల్లోంచి ఆవిడ కొబ్బరి ఊడదీస్తుంటే నేను కబుర్లు చెప్పేవాణ్ని. తొందరపెట్టకుండా ఎలా అడగాలో, ఎదుటివాళ్లు ఆగినచోట తానూ ఎలా ఆగాలో పుస్తకంలో చదివాను. అది ఆవిడ మీద సాధన చేశాననే సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆవిడ మాత్రం పిల్లవాడు ప్రేమగా అడుగుతున్నాడనే అనుకుంది. ఒకరోజు చేతిలో పని ఆపి చెప్పింది.

"పేరంటాలూ లేదు, ఏమీ లేదబ్బాయ్. అంతా నేనే. నా నోటితో నేనడిగితే మీ పెదనాన్నగారు వింటారేంటి? సుభద్రకి తెలుసు. ఇప్పుడు నీకు చెప్పేను. ఇంకొకళ్లకి తెలిసిందంటే దాని బడి ఆ రోజుతో సరి."

ఎవరికీ చెప్పనని ఆవిడ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

కొన్నాళ్లకు తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. పెదనాన్న కాయల రాశి పక్కన మంచం వేయించుకుని కూర్చున్నారు. నేను మళ్లీ మద్రాసు మాట ఎత్తాను.

"ఆ చదువు చదివి ఏం చేస్తావురా?"

"మనిషి మనసులో దాగినదేంటో కనిపెట్టచ్చండి."

"సోది చెప్పే ఆవిడా అదే అంటుంది. దానికి మద్రాసెందుకు?"

"ఇది సోది కాదండి, శాస్త్రం."

"అయితే మనింట్లో ఏం దాగుందో చెప్పు చూద్దాం. చెప్పేవంటే పంపించేస్తాను."

ఆయన వేళాకోళం ఆడుతున్నారు. దింపు వాళ్లు నవ్వారు కూడా. నేనూ నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. నాకు ఉక్రోషం వచ్చింది. వాళ్లు కాస్త దూరం వెళ్లేదాకా ఆగాను. ఆగాను అన్నది గమనించండి. కోపంలో నోరు జారిన మనిషి అలా ఆగడు.

"పిన్ని మీదకి వచ్చేది పేరంటాలు కాదండి. దాన్ని హిస్టీరియా అంటారు. మాట్లాడేది ఆవిడేనండి."

"నీకెవరు చెప్పేరు?"

"ఆవిడే చెప్పిందండి. నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి."

ఆయన రాశిలోంచి జారిన కాయను కాలితో వెనక్కి నెట్టారు. "రానివ్వన్లే," అన్నారు. "మద్రాసు వెళ్దువుగాని."

ఆ తర్వాతి శుక్రవారం పిన్ని గూటి ముందు కూర్చుంది. గొంతు మారింది. "ఒరే" అంది. పెదనాన్న చేతులు కట్టుకోలేదు. "ఇక లేమ్మా, వంటింట్లో పనుంది," అన్నారు. అంతే. కసరనైనా కసరలేదు. పిన్ని ఊగడం ఆగిపోయింది. తడిజుట్టు ముఖం మీద పడి ఉంది. ఆ జుట్టులోంచి ఆవిడ చూసింది నా వైపు కాదు, సుభద్ర వైపు. నేను చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టినవాణ్ని, సుభద్ర కోళ్లకు కూడా అన్నీ చెప్పుకునే పిల్ల. "నేను కాదమ్మా," అంది సుభద్ర. "ఒట్టమ్మా, నేను కాదు." నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నోరు విప్పితే వినబడేంత దూరంలోనే ఉన్నాను.

బడి తెరిచినప్పుడు సుభద్రను పంపలేదు. ఏడాది తిరగకుండా రాజోలు వైపు ఇచ్చి పెళ్లి చేశారు. అప్పటికి నేను మద్రాసులో ఉన్నాను.

నేను చేసిన తప్పు ఏది? మాట బయటపెట్టడమా? అది ఆ ఒక్క పూట చేశాను. పిన్ని తన కూతుర్నే అనుమానించిందని తెలిసి కూడా ఊరుకోవడం మాత్రం ఇప్పటిదాకా రోజూ చేస్తూ వచ్చాను. తల్లీకూతుళ్లు సరిగ్గా మాట్లాడుకుని పదేళ్లయింది. పురిటికి కూడా సుభద్ర పుట్టింటికి రాలేదు. ఒకసారి వాళ్ల ఊరు వెళ్తే, "ఎంత ఒట్టేసినా అమ్మ నమ్మలేదన్నయ్యా," అంది. నేనేమన్నాను? "ఆవిడ పెద్దదైపోయిందమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను. ఈ ఉద్యోగం నేర్పిన మెత్తటి గొంతుతో అన్నాను. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

హిస్టీరియా అన్నాను కదా, అదీ తప్పే. తర్వాత బెంగుళూరులో శిక్షణ పొందుతున్నప్పుడు తెలిసింది. పిన్నికి ఏ జబ్బూ లేదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరి మాట వింటారో సరిగ్గా ఎరిగి, కూతురికి చదువు సంపాదించిన మనిషి ఆవిడ. మా ఇంట్లో అంత నిబ్బరమైన బుర్ర ఇంకొకటి లేదు. దానికి నేను రోగం పేరు పెట్టాను, అదీ ఆ పుస్తకం సగం చదివి.

ఈ వృత్తి మానేద్దామనుకున్నానా? అనుకున్నాను. మానలేదు, మానను. సుభద్ర చదువు పోగొట్టి తెచ్చుకున్న చదువు ఇది, దీన్ని కూడా వదిలేస్తే ఎవరికీ మిగలదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నాకు ఎంత అనుకూలంగా ఉందో చూశారా? అయినా పని మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేశాను. నేను విన్నది మళ్లీ గది దాటలేదు. అది కూడా నన్ను మంచివాణ్ని చేయదు.

పెదనాన్న పోయారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు, నా పేరు రానివ్వలేదు. పిన్ని ఆ ఇంట్లోనే ఉంది. కాబట్టి ఇంకా ఆలస్యం కాలేదు. సెలవు పెట్టాను. ఆదివారం కోటిపల్లి రేవులో గోదావరి దాటి ముందు రాజోలు వైపు వెళ్తాను. సుభద్రకు చెప్పి, వస్తానంటే తనను వెంటపెట్టుకుని, రానంటే ఒక్కణ్నే, పిన్ని ఎదుట నిలబడతాను. క్షమించమని అడగను. అడిగితే మళ్లీ ఆవిడ నాకేదో ఇవ్వవలసి వస్తుంది. తలుపు ముఖాన వేసినా సరే, వాక్యం పూర్తయ్యాకే గుమ్మం దిగుతాను.

ఈ కాగితం మీద నా పేరు లేదు. సుభద్ర అసలు పేరు కూడా ఇది కాదు. వాళ్లను బజారుకెక్కించే హక్కు నాకు లేదు గనుక అలా చేశాను. వాళ్ల ముందు మాత్రం నా పేరు నేనే చెప్పుకుంటాను.

ఇవాళ పని అయ్యాక, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఎదుట నా కుర్చీ ఖాళీగా ఉంది. పైకే అన్నాను.

"పిన్నీ, సుభద్ర చెప్పలేదు. నేను చెప్పాను."

ఆ వాక్యం నా చెవులతో నేను వినడం ఇదే మొదటిసారి. ఇప్పుడు మీరూ విన్నారు. మీలోనే దాచుకోమని మిమ్మల్ని అడగను.