బ్రహ్మం బాబాయి కట్టిన చట్రం

పక్క షెడ్డులో ఎవరో ఇనుప గేటు కోస్తున్నారు. గ్రైండర్ రవ్వలతో పాటు లేచే ఆ మాడు వాసన గోడ దాటి వచ్చి మా షాపులోని టేకు పొట్టు వాసనలో కలుస్తోంది. ఈ రెండూ కలిసి ముక్కుకు తగిలితే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు చేతిలో పని సాగదు. బ్రహ్మం బాబాయి గుర్తొస్తాడు.

బాబాయి నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా వీధివాడు, సొంతంగా కొయ్యపని షాపు నడిపేవాడు. ఆయన ఉలితో చెక్కిన తామరలు, లతలు బొల్లాపల్లి నుంచి నాదెండ్ల దాకా ఎన్నో ఇళ్ల తలుపుల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ మీద బొమ్మలు వేసుకుంటున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. అప్పటికే షుగరు ఆయన కళ్లను తినేస్తోంది. పోయిన చూపు ఇక రాదని గుంటూరు డాక్టరు చెప్పిన రోజు, నేరుగా షాపుకొచ్చి ఉలి చేతిలోకి తీసుకుని, కాసేపు తడిమి పక్కన పెట్టేశాడు.

"అమ్మాయ్, నువ్వు కంప్యూటర్లో గీసింది గీసినట్టు చెక్కే మిషనుంటదంట గదా. మనమే ఒకటి కట్టుకుందాం."

"సీఎన్‌సీ మిషనా? కొనుక్కోవాలి గానీ కట్టుకునేదేంది బాబాయ్?"

"కొనే స్తోమతుంటే నిన్నెందుకు అడుగుతా? చట్రం నాది. మోటార్లు, కంప్యూటరు నువ్వు చూస్కో."

ఇళ్లల్లో ఇలాంటి మిషన్లు కట్టుకున్నవాళ్ల వీడియోలు ఫోన్లో చూశాను. చట్రాన్ని బోల్టులతో బిగించమని చెబుతున్నారు వాళ్లు. బాబాయి వినలేదు. "బోల్టులు మంచాలకే. పొద్దస్తమానం అదిరేదానికి వెల్డింగే దిక్కు," అన్నాడు. తెలిసిన వెల్డర్ను పిలిపించి, చదరపు ఇనుప గొట్టాలను తను చెప్పినట్టే అతికింపించాడు. చల్లారాక నేల మీద పెట్టి బాబాయి ఒక మూల అరచేత్తో నొక్కాడు. ఎదుటి మూల టక్కుమని లేచింది. మూల నుంచి మూలకు దారం పట్టి చూశాం. రెండు కొలతలూ కలవలేదు. వేడికి గొట్టాలు గుంజుకుని చట్రమంతా మెలితిరిగింది. డబ్బు కూడబెట్టి, గొట్టాలు కొని, కొలిచి కోసి, నెలల తరబడి పడ్డ శ్రమ అది.

"ఆ కాలికింద రేకుముక్క పెడదాం బాబాయ్," అన్నాను. నాకు అప్పటికే ఓపిక అయిపోయింది.

"కాలికింద పెడతావ్. ఒళ్లంతా వంకరైతే యాడ పెడతావే? ఒకపక్క లోతుగా, ఒకపక్క పైపైన చెక్కుద్ది."

గడప మీద చాలాసేపు కూర్చున్నాడు. వెల్డర్ తలొంచుకుని నిలబడ్డాడు. తిట్లు మొదలవుతాయనుకున్నాను. బాబాయి మంచినీళ్లు అడిగి తాగి, "కోసెయ్ నాయనా. నీ తప్పేం లేదు, నేను చెప్పినట్టే చేశావ్," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "నీ ఫోన్లో వాళ్లేం చెప్పారో మళ్లా చెప్పు."

నట్లు, బోల్టుల కొట్లో ఆయన కొత్తగా పని నేర్చుకునేవాడిలా నిలబడ్డాడు. నేను వివరిస్తుంటే ఒక్కో బోల్టు తల మీద గోరు ఆనించి, గట్టి రకం మీద ఉబ్బెత్తుగా ఉండే అంకె తగిలితేనే పక్కన పెట్టాడు. అదురుకు వదులు కాకుండా లోపల ప్లాస్టిక్ వలయం ఉన్న నట్లు ఏరుకున్నాం. మొదటి బోల్టును నేను బలమంతా పెట్టి బిగిస్తే డొల్ల గొట్టం లోపలికి నొక్కుకుపోయింది. బాబాయి ఆ సొట్టలో వేలు పెట్టి చూసి, "లోపల ఆసరా లేకపోతే ఏదైనా ఇంతే," అన్నాడు. సన్నగొట్టం ముక్కలు కోసి, బోల్టు వెళ్లే ప్రతి చోటా లోపల అడ్డుగా పెట్టాం. అన్నీ వదులుగా తొడిగి, దారం పట్టి సరిచూసి, అప్పుడు బిగించాం. ఈసారి చట్రం నేలకు కరుచుకుని కూర్చుంది. ఇద్దరికీ సంతోషించే ఓపిక కూడా లేదు. "కూర్చుందిలే," అన్నాడంతే.

మిషను నడిచేనాటికి ఆయనకు వెలుగూ నీడా తప్ప కనపడడం లేదు. వేపచెక్క మీద తామర పూర్తయ్యాక పొట్టు తుడిచి ఆయన చేతికిచ్చాను. రెక్కరెక్కా బొటనవేలితో తడిమాడు.

"బాగొచ్చింది. దీనికి అలుపు రాదు గదే?"

"రాదు బాబాయ్."

"నాకు చానా వచ్చింది," అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు. పొద్దున్నే వచ్చి మిషను పక్కన కుర్చీలో కూర్చుని దాని చప్పుడు వినేవాడు. అట్లా కొన్నేళ్లు గడిచాక ఒక వేసవిలో పోయాడు. ఆ కుర్చీ చాన్నాళ్లు అక్కడే ఉంచాను. షాపు ఇప్పుడు నేనే నడుపుతున్నాను.

మంచి చెక్క చెడిపోయినప్పుడు ఎవరి మీద అరవాలా అని నా కళ్లు వెతుకుతాయి. అప్పుడు గడప మీద మౌనంగా కూర్చున్న ఆ మనిషి అడ్డొస్తాడు. ఇవాళ కూడా పూర్తికావచ్చిన పూజామందిరం తలుపు మీద పువ్వు రెక్క ఊడిపోయింది. మిషను ఆపేశాను. కాసేపు కూర్చున్నాను. నడుము పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. లేచి, చెడిన చెక్క విప్పేసి కొత్తది బిగించాను.