గుగ్గిలం అతికిన కుండ

ఇనుప గనుల ఊరు బచేలి దగ్గరి వినోదాల పార్కులో మా హోటల్ ఉంది. పైన గడ్డికప్పు, లోపల ఏసీ. కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగువాణ్ణి నేను. ఆదివాసీ వేషమంటూ నా నెత్తికి ఈకలు కట్టి వడ్డించమన్నారు. ఒళ్లు మండేది, అయినా కట్టుకున్నాను.

ఒక ఆదివారం గని ఆసుపత్రి నర్సు ఇర్మె తన నాయనమ్మ భీమేను భోజనానికి తీసుకొచ్చింది. జగర్గుండా వైపు వాళ్ల ఊరు గొడవల్లో ఖాళీ అయింది. ఇర్మె తండ్రి హుంగా ఆ గొడవల్లోనే చనిపోయాడు. ముసలామె అప్పటి నుంచీ మనవరాలి దగ్గరే ఉంటోంది.

మట్టికుండలోంచి జావ పోశాను. ఫొటోలకు బాగుంటుందని మా యజమాని పాత సామాన్లవాడి దగ్గర కొన్న కుండ అది.

భీమే ఒక గుక్క తాగి, "జావల చక్కెర ఏంది?" అని మూతి తిప్పింది. అంతలో ఆమె చూపు కుండ మీద నిలిచిపోయింది. పగులుకు గుగ్గిలం పూసిన మచ్చను వేలితో తడిమింది.

"ఇది మా ఇంటిది. నేనే అతికిన."

చనిపోయినవాళ్లు ఇంటి మూలనున్న కుండలో ఉంటారనీ, కొత్త పంట ముందు వాళ్లకే పెడతామనీ ఇర్మె మెల్లగా చెప్పింది. భీమే తన గిన్నెలోని జావంతా కుండలో పోసేసింది.

"పొద్దుగూకినంక దీన్ని ఏం చేస్తవ్ బిడ్డా?"

"పీచెట్టి తోమీసి బోర్లించేస్తానమ్మా."

"బోర్లియ్యకు. నా కొడుక్కు చీకటంటే భయం."