కరెంటు తినని దీపం

ఈ భూమ్మీద కరెంటు తినకుండా వెలిగే దీపాన్ని కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. మీరు నమ్మకపోతే మానెయ్యండి, నాలుగు రోజులపాటు నేను మాత్రం గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే మా అప్పన్న మావకున్న ఒకే ఒక్క వలను సముద్రంలో కలిపెయ్యబోయాను.

రెండువేలు దాటి రెండు మూడేళ్ళయిన రోజులవి. నేను టెక్కలిలో పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. అక్కుపల్లిలో మావ సాయంత్రం వల వేసొచ్చి, తెల్లారకముందే వెళ్ళి తీసేవాడు. చీకట్లో వల జాడ తెలియడానికి, పైన తేలే డబ్బాకి మిణుకుమనే దీపం ఒకటి చేసిపెట్టమన్నాడు. చేశాను. చిన్న బ్యాటరీ, దానికి ఆరుతూ వెలుగుతూ ఉండే ఒక బల్బు.

"బేటరీ ఎన్నాళ్ళొత్తాది అల్లుడా? నిరుడు దీపం ఆరిపోయి ఒక వల పోయింది. ఇదీ పోతే నాకింక వల నేదు."

"కొలిసి సెప్తాను మావా."

నా దగ్గరొక ముల్లు మీటరుండేది. దాన్ని కరెంటు కొలిచే చోటికి తిప్పి, రెండు తీగలనీ తిన్నగా బ్యాటరీ రెండు కొసలకీ తాకించాను. లోపల చిన్నగా టప్‌మంది. పట్టించుకోలేదు. ముల్లు సున్నా దగ్గర నిలబడింది, ఎదురుగా దీపం దర్జాగా వెలుగుతోంది. నాలుగు రోజుల్లో నలభైసార్లు కొలిచాను. నలభైసార్లూ సున్నాయే. ఒకసారంటే తప్పొస్తుంది గానీ నలభైసార్లు వస్తుందా, మీరే చెప్పండి.

"మావా, ఇది కరెంటే తినదు. ఒక్క బేటరీ జీవితానికి సాలు."

"నా జీవితానికా, బేటరీ జీవితానికా?"

"నీ జీవితానికే. మిగిల్తే నీ పిల్లలకి."

మావ పొంగిపోయి ఊరంతా చెప్పాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను. గురువారం సాయంత్రం పడవ దింపే వేళకి మావ భార్య పోలమ్మత్త వచ్చి, నేను గొప్పగా చూపిస్తున్న మీటరులోకి తొంగిచూసింది.

"ఆ ముల్లు ఏటి సూపిత్తాదిరా?"

"దీపం ఎంత తింతందో సూపిత్తాదత్తా. సున్నా."

"దీపం కొట్టుకుంతంది కదా, మరి ముల్లు కొట్టుకోదేటి? నాకైతే అది సచ్చిపోయినట్టుంది."

"నీకు తెల్దత్తా. ఇది ఎలక్ట్రానిక్సు."

"తెల్దు కాబట్టే అడుగుతున్నాను. పన్జేసినోడు తినడంతే నానొప్పుకోను. ముందు దాన్ని ఇప్పు."

విప్పాను. లోపల ఫ్యూజు నల్లగా మాడిపోయి ఉంది. మొదటి రోజు టప్‌మన్నది అదే. కరెంటు కొలవాలంటే దీపానికెళ్ళే తీగను తెంపి, ఆ తెగినచోట మీటరు పెట్టాలి. నేను తిన్నగా బ్యాటరీకే తగిలించి, తొలిదెబ్బకే మీటరును చంపి, ఆ శవాన్ని నలభైసార్లు సాక్ష్యం అడిగాను. మావ వలను పడవలోంచి దించేశాడు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే పలాస వెళ్ళి ఫ్యూజు తెచ్చి, ఈసారి తీగ తెంపి కొలిచాను. ముల్లు దీపంతోపాటు గెంతింది. వెలిగినప్పుడు రెండొందల మిల్లీ ఆంపియర్లు, ఆరినప్పుడు సున్నా. సగంసేపే వెలుగుతుంది కాబట్టి సగటున వంద. బ్యాటరీ మీద రాసున్న నాలుగువేల మిల్లీ ఆంపియర్ గంటల్ని ఆ వందతో భాగించి లెక్క కట్టి, దాన్ని నిండా ఛార్జి చేసి పెట్టి, శుక్రవారం సాయంత్రం ఆరింటికి అరుగు మీద దీపం వెలిగించాను.

"నలభై గంటలు మావా. ఆదివారం పొద్దున్న పదింటికి ఆరిపోతాది."

ఆదివారం తొమ్మిదిన్నరకల్లా వీధివీధంతా మా అరుగు చుట్టూ చేరింది. పది కొట్టింది. దీపం ఇంకా కొట్టుకుంటోంది, దానికన్నా గట్టిగా నా గుండె కొట్టుకుంటోంది. పదీ పదికి దీపం ఆరిపోయింది. నేను ఎగిరి గంతేశాను.

"దీపం ఆరిపోతే ఇంత సంబరమేటిరా?" అంది అత్త.

"సెప్పిన టయానికి ఆరింది కదే," అన్నాడు మావ, వల భుజానికెత్తుకుంటూ. "ఎప్పుడారుతాదో తెలిసిపోయాక నాకింక బయమేటి? మూడు రాత్రులకోపాలి బేటరీ మార్సుకుంతాను."

ఆ వల ఒక్కసారి కూడా తప్పిపోలేదు. నేను మాత్రం ఆ రోజే సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ మీటరు సున్నా చూపించినా, పోలమ్మత్తకి చూపించందే నమ్మను.