కిటికీలోంచి ఎక్కిన సోమశిల బస్సు

ఇప్పుడంటే బస్సు రాకముందే ఫోనులో సీటు మన పేరున పడి ఉంటోంది గానీ, నా చిన్నతనంలో మా ఉదయగిరి వైపు సీటనేది ఎవరి ఒడుపును బట్టి వాళ్ళకు దక్కేది. బస్సు స్టాండులోకి వచ్చి ఆగీ ఆగకముందే తుండుగుడ్డలు, చేతిసంచులు, గొడుగులు కిటికీల్లోంచి లోపలికి ఎగిరేవి. గుడ్డ పడితే సీటు పడినట్టే, అది చట్టం. (ఆ చట్టం ఎవరు రాశారో తెలియదు గానీ, దాన్ని కాదన్నవాడు స్టాండులో పరువుగా బయటపడింది లేదు.) మా అవ్వకు మాత్రం గుడ్డల మీద నమ్మకం లేదు. "గుడ్డనైతే ఎవుడన్నా పక్కకి నెట్టి కూర్చుంటాడు. మనిషినైతే ఎట్ట నెడతాడు?" అనేది. ఆ మనిషిని నేను. ఆరేళ్ళదాన్ని, బక్కపలచగా ఉండేదాన్ని, కిటికీలో సరిగ్గా పట్టేదాన్ని.

అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. తాత పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఉండేది అనడం మర్యాద కోసం. ఎక్కువగా బస్సుల్లోనే ఉండేది. ఎక్కడ చర్చివాళ్ళ ఉజ్జీవ కూటాలు జరిగినా అవ్వ అక్కడ. సీతారామపురంలో ఆఖరి బస్సు తప్పిపోతే టమాటాల లారీని ఆపి, డ్రైవరు పక్కన కూర్చుని, వాడికి పిల్లను కూడా కుదిర్చి దిగిందట. కోట కొండెక్కి సీతాఫలాలు ఏరుకొచ్చేది. పెన్నలో చేపలు పట్టేవాళ్ళ పుట్టిలో కూర్చుని, తెడ్డు తనకిమ్మని పోట్లాడిన మనిషి. మా అమ్మ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వీధిలో కుక్క మొరిగితే తలుపేసుకునే రకం. "పులి కడుపున మేకపిల్ల పుట్టినాది" అని అవ్వ వాపోయేది. పాపం, ఆ మేకపిల్లకు నేనొక్కదాన్నే సంతానం. నన్ను అవ్వతో పంపిన ప్రతిసారీ మళ్ళీ వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే ఉండేది.

అవ్వకు బైబిలు కొట్టినపిండి. చదువు రాక కాదు, బస్సు బోర్డు మాత్రం చదివేది కాదు. డ్రైవరు ముఖం చూసి బస్సెక్కేది. "బోర్డు మార్చను మర్చిపోతారు. ముఖం మార్చుకోలేరు గదా" అని ఆమె సిద్ధాంతం. ఉదయగిరి బస్సుకు మీసాల డ్రైవరు. ఆ మీసం కనబడితే అది ఉదయగిరి బస్సే, దేవుడొచ్చి కాదన్నా సరే.

ఆత్మకూరులో బంధువుల పెళ్ళికి పోయి మర్నాడు తిరిగొస్తున్నాం. పెళ్ళివారు అవ్వకు ఒక కోడిపెట్టను బహుమానంగా ఇచ్చారు. స్టాండులో బెంచీ కాలికి దాన్ని కట్టేసి కూర్చున్నాం. ఇంతలో దుమ్ము లేపుకుంటూ ఒక బస్సు, దాని ముందు కిటికీలో ఆ మీసం. అవ్వ లేచింది. నన్ను చంకల కింద పట్టుకుని ఎత్తి, కిటికీలోంచి లోపలికి తోసింది. "రెండు సీట్ల మీదా పొడుగ్గా పండుకో. ఎవరు లెయ్యమన్నా లెయ్యబాక. కలెక్టరు అడిగినా లెయ్యబాక" అని చెప్పి, కోడిని తెచ్చేందుకు వెనక్కి పరుగెత్తింది. కోడి తాడు ముడి పడింది. బస్సు కదిలింది. (ఆ రోజు మీసాల డ్రైవరుకు సోమశిల డ్యూటీ వేశారని మాకెలా తెలుస్తుంది? ఏదేమైనా కోడి కోసం నన్ను వదిలేసిందన్న కినుక నాకు చాలాకాలం ఉండింది.)

నేను పడుకునే ఉన్నాను. జనం నా చుట్టూ నిలబడ్డారు. "లేయ్ పాపా, కాస్త జరుగు" అని ఒకాయన. "మా అవ్వ వస్తాది" అన్నాను. "యాడుండాది మీ అవ్వ?" "వస్తాది." కండక్టరు వచ్చి టిక్కెట్టడిగాడు. "మా అవ్వ తీసుకుంటాది" అన్నాను. ఆయన బస్సంతా చూసి, "ఈ పాప తాలూకు అవ్వ ఎవరమ్మా?" అని అరిచాడు. ఎవరూ పలకలేదు. అప్పుడు అందరికీ అర్థమైంది, నాకు తప్ప.

తర్వాతి ఊళ్ళో బస్సాపేశారు. ఇక్కడ దించి, ఎదురొచ్చే బస్సులో వెనక్కి పంపుదామని కండక్టరు. పోలీసులకు అప్పజెప్పాలని ఒకాయన. "ఆడబిడ్డని నడిదోవలో దించుతావా, నీకు పిల్లల్లేరా?" అని ఒకామె కండక్టరు మీద లేచి, మధ్యలో నా నోట్లో మురుకు పెట్టింది. కండక్టరు నన్ను ఎత్తుకోబోయాడు. సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, మురుకు నోట్లో ఉండగానే కేకలు పెట్టాను. లెయ్యొద్దంది గదా అవ్వ! నన్ను ఊడబీకడానికి ఇద్దరు మనుషులు చాల్లేదు. ఆ రభసలో బస్సు అక్కడే ఉండిపోయింది.

అంతలో వెనకనుంచి ఒక మోపెడ్ వచ్చి బస్సుకు అడ్డంగా ఆగింది. చేపలు తేవడానికి సోమశిల పోయే ఒకబ్బాయి నడుపుతున్నాడు. వెనక కట్టిన ఐసు పెట్టె మీద, ఒక చేత్తో ఆ అబ్బాయి చొక్కా, ఇంకో చేత్తో కోడిని పట్టుకుని మా అవ్వ! కొప్పు ఊడిపోయింది. చీర వెనకంతా తడి. బస్సెక్కి జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. "జరుగు" అంది. నేను జరిగాను. కూర్చుంది. కోడిని నా ఒళ్ళో పెట్టి, నా గౌను అంచును గుప్పిట్లో పట్టుకుంది.

"ఏం పెద్దమ్మా, బిడ్డను అట్టనేనా వదిలేసేది?" అన్నాడు కండక్టరు.

"ఈ బస్సు యాడికి పోతాది నాయనా?" అంది అవ్వ, ఆ మాట విననట్టే.

"సోమశిలకి."

"అయితే టిక్కెట్లు కొట్టు. పాప ఇంతవరకు డ్యాము చూళ్ళా."

బస్సంతా నవ్వింది. మురుకులావిడ మరీ గట్టిగా నవ్వింది. ఆ విధంగా నేను మొదటిసారి డ్యాము చూశాను. "అదో, అంతా పెన్నే" అని చెయ్యి చూపించి, గట్టు మీద కూర్చుని, అవ్వ ఉన్నట్టుండి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను బిత్తరపోయాను. ఎందుకేడుస్తున్నావని అడిగితే, "భయమేసినాది మే. నా బతుకులో ఇంత భయం ఎరగను" అంది. నీకు భయం వెయ్యలేదా అని అడిగింది. లేదన్నాను. నువ్వు వస్తావు గదా అన్నాను. దానికి ఇంకా ఏడ్చింది. చివరికి ముక్కు చీది, "మీ అమ్మకి చెప్పబాక. తెలిస్తే ఇంక నిన్ను నాతో పంపదు" అని ఒట్టేయించుకుంది.

నేను చెప్పలేదు. గౌను నిండా చేపల వాసనేందే అని అమ్మ అడిగితే, పెళ్ళిలో చేపల పులుసు పెట్టారని కూడా అన్నాను. (ఆరేళ్ళకే అంత నేర్పు!) కానీ వచ్చిన ఆదివారం చర్చిలో అయ్యగారు, "దేవుడు చేసిన మేలుకు ఎవరన్నా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి" అన్నారు. నా పక్కన అవ్వ కదిలింది. నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. లాభం లేకపోయింది. దేవుడు అంత ఉపకారం చేస్తే నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"పోయిన వారం ఆత్మకూరులో నా మనవరాలు తప్పిపోయినాది. దేవుడు మళ్ళా ఇచ్చినాడు, ఆయనకి స్తోత్రం!" అంది. చర్చంతా స్తోత్రం అంది. ముందు వరసలో కూర్చున్న అమ్మ తల మెల్లిగా వెనక్కి తిరిగింది. అవ్వ అది చూసింది, అయినా సాక్ష్యం సగంలో ఆపడం ఆమెకు తెలియదు. కోడి, ఐసు పెట్టె, డ్యాము, అన్నీ చెప్పింది. "ఆ పెట్టె మీద కూర్చోని ఒకటే అడిగినా. నన్ను తీసకపో ప్రభువా, బిడ్డని మాత్రం మా అమ్మాయి చేతిలో పెట్టు అని." ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ తుడుచుకోలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అరవలేదు. "నాకుండేది అదొక్కటేనమ్మా" అని మాత్రం అంది. అవ్వ తన చేతిసంచీని చిలక్కొయ్యకు తగిలించింది.

ఆ రోజునుంచి అవ్వ ప్రయాణాలు ఆగిపోయాయి. పొద్దునే స్నానం చేసి అరుగు మీద కూర్చునేది. రోడ్డు మీద బస్సు హారన్ మోగితే తలెత్తేది, మళ్ళీ దించేది. సీతారామపురంలో కూటాలు, రమ్మని పక్కింటామె పిలిస్తే, మోకాళ్ళ నొప్పులంది. కొండెక్కిన మోకాళ్ళు! పులుసు బాగాలేదని కూడా అనకుండా తిని లేచేది. అది చూసి నాకే ఏడుపొచ్చేది.

ఒక పొద్దున అమ్మ నన్ను అరుగు మీదకు లాక్కొచ్చి, అవ్వ ఎదురుగానే కూర్చోబెట్టి తల దువ్వడం మొదలుపెట్టింది.

"యాడికి దాన్ని తయారు చేస్తుండావు?" అంది అవ్వ.

"సీతారామపురంలో కూటాలంట గదా. తీసకపో. బడికి సెలవులే."

అవ్వ దువ్వెన పట్టుకున్న అమ్మ చేతిని ఆపింది. "నీకు భయం లేదా మే?"

"ఉండాది" అంది అమ్మ. "అయినా తీసకపో. నువ్విట్ట కూర్చుంటే నేను చూళ్ళేను."

అంటూ రిబ్బను బిగించింది చూడండి, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ సంచీ తీసుకుంది. ఆ రోజు స్టాండులో బోర్డు చదివింది, డ్రైవర్నడిగింది, కండక్టర్నడిగింది, తర్వాత నా చెయ్యి పట్టుకుని తలుపులోంచే ఎక్కించింది. సీటు దొరకలేదు. సీతారామపురం దాకా నిలబడే పోయాం, ఇద్దరం సంతోషంగా.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది, తిరగ్గలిగినంతా తిరిగి పోయింది. ఇప్పుడు అవ్వ అంటే మా అమ్మ, మా పాపకు. మొన్న మా పాప పోటీలకు స్నేహితురాళ్ళతో నెల్లూరు పోతానంది, పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండా. వద్దనడానికి నాకు సవాలక్ష కారణాలు దొరికాయి. (కిటికీలోంచి బస్సెక్కినదాన్ని!) చివరికి సరేనని జడ వేస్తుంటే, "అమ్మా, నొప్పి" అని అరిచింది. మంచం మీదినుంచి మా అమ్మ మమ్మల్నే చూస్తోంది.

"అంత గట్టిగా లాగబాక మే" అంది. "ఎంత బిగించినా భయం తగ్గదు. నేను జూసినా గదా."

నాకు నవ్వొచ్చింది. రిబ్బను కాస్త వదులు చేసి, పోయిరమ్మన్నాను.