పడవవ్వ గొంతు

అరుణజ్యోతిని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లు యూసుఫ్‌గూడలో ఆమె ఉండే గల్లీ దాటితే ఎవరూ లేరు. నోరు తెరిస్తే మాత్రం సంగతి వేరు. ఒకసారి బస్సులో "జర జరుగు బిడ్డా" అనగానే ముందు సీట్లో కూర్చున్న ముగ్గురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఒక్కసారే వెనక్కి తిరిగారు. "పడవవ్వ!" అని ఒకడు అరిచాడు. ఆమె దిగేదాకా వాళ్లు ఆమెతో ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉన్నారు.

ఆమెది జనగామ దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా సినిమాలకీ సీరియళ్లకీ డబ్బింగ్ చెబుతోంది. ఇన్నేళ్లలో ఆమెకు దొరికిన వేషాలన్నీ ఒకే వరసవి. మార్కెట్లో తిట్టుకునే ఆడది, దొంగ పెళ్లాం, పనిమనిషి. హీరోయిన్ తల్లికి వేరే గొంతు వెతికేవారు. ఆ తల్లి ఇంట్లో అంట్లు తోమే మనిషికి అరుణజ్యోతిని పిలిచేవారు. పని పనే అనుకుని ఆమె వెళ్లేది, బాగా చెప్పి వచ్చేది.

ఇరవై ఏళ్ల కిందట నగరం బయట ఒక పెద్ద పార్కు కట్టారు. అందులో పాతాళ పడవ అని ఒక రైడ్. చీకటి సొరంగంలో నీళ్ల మీద పడవ ఎనిమిది నిమిషాలు తిరుగుతుంది. పాములు, గుహలు, రాక్షసులు ఎదురొస్తారు. దారి చూపే ముసలవ్వ మాటలు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తుంటాయి. ఆ అవ్వ గొంతు కోసం అరుణజ్యోతిని ఫిలింనగర్‌లో ఒక రికార్డింగ్ థియేటర్‌కి పిలిచారు. అక్కడి సౌండ్ ఇంజనీరు సుబ్రహ్మణ్యంగారిది భీమవరం. పార్కువాళ్లు పంపిన కాగితం చేతికిచ్చి, అక్షరం మార్చొద్దన్నాడు.

"జాగ్రత్త పిల్లలూ, చేతులు లోపలే ఉంచండి. చీకటికి భయపడకండి, నేనున్నాను."

మూడుసార్లు చెప్పింది. తప్పేమీ లేదు, ప్రాణమూ లేదు. నాలుగోసారి ఆమే అడిగింది. "సార్, ఒక్కసారి మా అమ్మమ్మ మాట్లాడినట్టు చెప్త. నచ్చకుంటే చెరిపేయుండ్రి."

"పైలం బిడ్డా! చేతులు లోపలికి వెట్టుకో. చీకటంటే భయమా? నేనున్న గద."

సుబ్రహ్మణ్యంగారు చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. "మా ఊళ్లో ఇలా మాట్లాడరమ్మా. కానీ ఆ చీకట్లో నేను పడవెక్కితే నాకు తోడు ఈవిడే కావాలి" అన్నాడు. మిగతా మూడూ తీసేసి, ఆ నాలుగోదే పార్కుకి పంపాడు. అరుణజ్యోతి జీవితంలో ఆమె మాట విని ఎవరూ నవ్వని మొదటి పాత్ర అది. భయపడ్డ పిల్లలు ఆ మాట పట్టుకుని బయటికొచ్చేవారు. కాకినాడ నుంచి వచ్చినవాళ్లూ అంతే, కరీంనగర్ వాళ్లూ అంతే.

నిరుడు వేసవిలో పార్కు ఒక ప్రకటన చేసింది. పాతాళ పడవ మూసేస్తున్నాం, ఒక భారీ సినిమా కథతో అదే సొరంగాన్ని రత్నద్వీపంగా మారుస్తున్నాం అని. ఆ రైడ్ అభిమానులకి ఇంటర్నెట్‌లో 'పడవ బ్యాచ్' అని ఒక గ్రూప్ ఉంది. సాయంత్రానికల్లా గ్రూప్ రెండుగా చీలిపోయింది. మార్చొద్దనే వాళ్లకి సుహాస్ పెద్ద. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రైడ్ ఎన్నిసార్లు ఎక్కాడో లెక్క రాసుకున్న మనిషి. మార్చాల్సిందే అన్నవాళ్లు కొద్దిమంది. వాళ్లలో గట్టిగా మాట్లాడేది హరిణి. సినిమా గ్రాఫిక్స్ కంపెనీలో పనిచేస్తుంది.

ఒక ఆదివారం పొద్దున ఫిలింనగర్‌లో చిన్న ప్రివ్యూ హాల్లో అందరూ కలిశారు. సుహాస్ స్వయంగా కారులో వచ్చి అరుణజ్యోతిని తీసుకెళ్లాడు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే వందమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె అందరికీ చేతులు జోడించింది.

"అమ్మా, మీరు కెమెరా ముందు రెండు మాటలు చెప్తే చాలు. నా గొంతు చంపకండి అని" అన్నాడు సుహాస్.

ఆమె జవాబు చెప్పేలోపే హరిణి మైకు అందుకుంది. "మూడో గుహ గుర్తుందా మీకు? బొమ్మలకి నల్లరంగు పూసి, మెళ్లో ఎముకలు వేసి, అడవి మనుషులు అన్నారు. మనల్ని పట్టుకుని తింటారట. మా నాన్నది ఉట్నూరు, మేం ఆదివాసీలం. ఆ అడవి మనుషులు మా వాళ్లే. ఐదో క్లాసులో స్కూల్ వాళ్లు తీసుకెళ్లారు. ఆ గుహ దాటాక పడవలో పిల్లలంతా నా వైపు తిరిగి నవ్వారు. మీకది తీపి జ్ఞాపకం. నాకు కాదు. పైగా నడవలేని వాళ్లు ఆ పడవ ఎక్కలేరు. దాని గురించి ఇరవై ఏళ్లలో ఒక్కరైనా అడిగారా?"

హాలంతా గోల. "అప్పట్లో అన్నీ అలాగే ఉండేవి", "నచ్చకపోతే ఎక్కకు" అని అరుపులు. అరుణజ్యోతి మైకు లేకుండానే లేచింది.

"ఆ పిల్లను మాట్లాడనీయుండ్రి!"

ఆ గొంతుకి అలవాటుపడ్డ వందమందీ చిన్నపిల్లల్లా ఊరుకున్నారు.

"నాకు రికార్డింగ్ అప్పుడు బొమ్మలు చూపియ్యలే. తర్వాత పోయి చూసిన. చూసి గూడ నోరు మూసుకున్న. నా గొంతు బాగుందని అందరంటుంటే మురిసిన. తప్పు నాది గూడ ఉంది. ఆ గుహ పోవాలె. పడవ మారాలె. నా గొంతంటరా, అది నాతోనే ఉంది, యాడికి పోతది?"

సుహాస్ ముఖం మాడిపోయింది. కెమెరా వాడలేదు. అయినా అతను ఊరుకోలేదు, వేల సంతకాలు పోగుచేసి పార్కుకి పంపాడు.

నెల తర్వాత జూబ్లీహిల్స్‌లోని పార్కు ఆఫీసు నుంచి రమ్మని ఫోన్. రైడ్ కొత్త రూపం చూసుకునే శ్రీకృష్ణ ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "ఫ్యాన్స్ మాట విన్నామమ్మా. మీ గొంతు ఉంచుతున్నాం" అని కాగితాలు ముందు పెట్టాడు. పడవకి దారి చూపేది రత్నద్వీపం రాణి. ఆమెవి గంభీరమైన మాటలు, పుస్తకాల తెలుగు. అరుణజ్యోతికి ఇచ్చింది కల్లు కనకవ్వ. తాగి తూలుతూ పడవలో వాళ్ల టోపీలు కొట్టేసే దొంగ. ఆమె నోరు తెరిచినప్పుడల్లా వెనక నుంచి నవ్వులు వినిపిస్తాయని కాగితంలోనే రాసి ఉంది.

అరుణజ్యోతి రెండుసార్లు చదివింది. "రాణి కాయితం జర ఇటియ్యి" అంది.

అందులో ఒక మాట ఉంది. 'భయపడకండి. ఈ జలాలు నా ఆజ్ఞను దాటవు.' ఆమె కళ్లద్దాలు సర్దుకుని, నిటారుగా కూర్చుని, మెల్లగా చెప్పింది. "భయపడకుండ్రి. ఈ నీళ్లు నా మాట దాటయి."

గదిలో టైపు చేసుకుంటున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. శ్రీకృష్ణ కుర్చీలో ముందుకు జరిగాడు. "చాలా బాగుందమ్మా. నిజంగా. కానీ రాణి కదా... కొంచెం..."

"ఆగినవేంది? చెప్పు."

"కొంచెం డిగ్నిటీ ఉండాలి."

"మా అమ్మమ్మ పది ఊర్ల పంచాయితీలు తెంపింది ఈ మాటతోనే. మా తాత పోయిన్నాడు ఏడ్చింది ఈ మాటతోనే. గప్పుడు తక్కువగాని మర్యాద మీ రాణికి తక్కువైతదా?"

"అలా కాదమ్మా, అన్ని ప్రాంతాల వాళ్లకీ అర్థం కావాలి కదా."

"ఇరవై ఏండ్లు మీ పడవల కూసున్నోళ్లకు ఏం సమజ్ గాలె? చేతులు బయట వెట్టిండ్రా?" ఆమె కాగితాలు సరిచేసి బల్ల మీద పెట్టింది. "దొంగ వేషం తప్పు గాదు బిడ్డా. శానా ఏసిన. కానీ పడవల దొంగ ఒక్కతే నా లెక్క మాట్లాడుతదంటే, నేను చెయ్య."

మర్నాడే సుహాస్ ఇంటికొచ్చాడు. "అమ్మా, ఎంత కష్టపడి సాధించామో మీకు తెలీదు. గ్రూప్‌లో అందరూ పండగ చేసుకుంటున్నారు. అసలు లేకపోవడం కన్నా ఇది నయం కదండీ."

"నువ్వు నీ చిన్నతనం కోసం కొట్లాడినవ్. మంచిదే. నా కోసం కాదు" అంది ఆమె. టీ ఇచ్చి పంపింది.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది హరిణి. "ఆంటీ, ఎందుకు కాదన్నారో మీ మాటల్లోనే గ్రూప్‌లో చెప్పండి" అంది. అరుణజ్యోతి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టింది. పార్కును తిట్టలేదు. రాణి ఒక తీరు, దొంగ ఒక తీరు ఎందుకు మాట్లాడాలె అని మాత్రం అడిగింది. దాంతో గ్రూప్ మళ్లీ భగ్గుమంది. ముసలిదానికి పొగరన్నారు కొందరు. సినిమాల్లో ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడేంటి కొత్తగా అన్నారు. వరంగల్, సిద్దిపేట పిల్లలు తమ మాటలకి కాలేజీల్లో నవ్వినవాళ్ల సంగతులు రాయడం మొదలుపెట్టారు. నెల్లూరు కుర్రాడొకడు, మా యాసనీ కామెడీకే వాడతారు అని రాశాడు. మూడో గుహ గురించి హరిణిని ఎగతాళి చేసినవాళ్లలో ఇద్దరు ఆమెకు క్షమాపణ చెప్పారు.

అరుణజ్యోతికి మాత్రం నష్టం జరిగింది. ఆమె చెబుతున్న ఒక సీరియల్లో పాత్రకి ఉన్నట్టుండి గొంతు మారింది. కారణం ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు ఫోన్ మోగలేదు. ఆమె పొద్దున్నే లేచి ఎప్పటిలాగే గొంతు సాధన చేసుకునేది. పక్క పోర్షన్‌లో శకుంతలమ్మ, "పోనీ సారీ చెప్పరాదూ" అంటే, "ఏమని చెప్పాలె? నేను మనిషిననుకున్న, తప్పైంది అని చెప్పాల్నా?" అంది.

కనకవ్వ వేషం షాలిని అనే కొత్త డబ్బింగ్ అమ్మాయికి వెళ్లింది. ఆ పిల్ల యూసుఫ్‌గూడ వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మేడమ్, నేను చేస్తే మీకు కోపమా?"

"నీకు పని గావాలె. నాకెందుకు కోపం? చేసేదుంటే మంచిగ చెయ్. వద్దనిపిస్తే నా పేరు చెప్పకు, నీ పేరు మీదనే వద్దను."

షాలిని వారం ఆలోచించి, తన పేరు మీదనే వద్దంది. తర్వాత పిలిచిన ఇంకో ఆవిడ కూడా రాలేదు. ఈలోపు గ్రూప్ గోల టీవీ చర్చలదాకా పోయింది. చివరికి పార్కు కనకవ్వ మాటలన్నీ తీసేసింది. రాణి మాత్రం పుస్తకాల తెలుగే మాట్లాడింది.

ఈ జనవరిలో రత్నద్వీపం తెరిచారు. హరిణి టికెట్లు తీస్తే ఇద్దరూ కలిసి వెళ్లారు. మూడో గుహ లేదు. ఆ చోట మెరిసే రాళ్లు, పైనుంచి జారే నీళ్లు. వాళ్ల ముందు పడవలో చక్రాల కుర్చీతో ఒక పెద్దాయన ఎక్కాడు. దొంగ మూగగా చేతులు ఊపుతూ నిలబడింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు, ఎవరికీ అర్థం కూడా కాలేదు. రాణి గొంతు అందంగా ఉంది. వెనక సీట్లో ఒక చంటిపిల్ల మాత్రం సొరంగం పొడుగునా ఏడుస్తూనే ఉంది.

బయటికొచ్చాక అభిప్రాయాలు రాసే కౌంటరు దగ్గర అరుణజ్యోతి ఆగింది. ఎట్లుందని హరిణి అడిగితే, "పడవ మంచిగుంది. పాతదానికన్న మంచిగుంది. అబద్ధమెందుకు?" అంది. తర్వాత కాగితం తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

'మీ రాణికి పిల్లలను ఊకుంచుడు రాదు. గొంతు నేనిస్త. మా మాటలతోనే ఇస్త. వేరే తీరుగ అయితే పిలువకుండ్రి.'

కింద తన పేరు, ఫోన్ నంబరు వేసింది. కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితం చదివి, "మేడమ్, ఇక్కడ స్టార్స్ కూడా ఇవ్వాలి" అంది.

అరుణజ్యోతి నాలుగు చుక్కలు నింపింది. ఐదోది ఖాళీగా వదిలేసి, పెన్ను ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చింది.